ఎవరికి నేర్పుతున్నాం? జైలు చేతిపనులు, మళ్లీ నేరం

న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, ఆయన తీర్పుల్లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసొకటి ముందు గుర్తుకు రావడం సహజం. అది 1977 నాటి మహమ్మద్ గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలిప్పిస్తానని నమ్మించి డబ్బు తీసుకున్న మోసం. సుప్రీంకోర్టుకు చేరేసరికి అతను తప్పు చేశాడా లేదా అన్నది ముగిసిన సంగతి. ఇప్పుడితన్ని ఏం చేయాలన్నదే మిగిలిన ప్రశ్న. కృష్ణయ్యర్ శిక్షాకాలం తగ్గించి అక్కడితో ఊరుకోలేదు. లోపల అతని చదువుకు తగిన పని పెట్టాలనీ, ఆ పనికి కూలి ఇవ్వాలనీ చెప్పారు. జైలును రెండు వైపుల నుంచీ చూసిన మనిషి ఆయన. 1948లో కమ్యూనిస్టులకు సాయపడ్డారన్న అభియోగంపై కొంతకాలం లోపలున్నారు, 1957లో కేరళ తొలి మంత్రివర్గంలో జైళ్ల శాఖ చూశారు. ఖైదీకి పని నేర్పితే మళ్లీ నేరం చేయడన్న మాటను ఆ తీర్పు వచ్చిన నాటి నుంచి మనం సభల్లో, కమిటీల నివేదికల్లో, జైళ్ల ప్రదర్శనశాలల ముందు చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ మాట అబద్ధం కాదు. అయితే మన దగ్గర అది అమలవుతున్న చోటు తప్పు. మళ్లీ నేరం చేసే అవకాశం తక్కువగా ఉన్నవాడికి మనం పని నేర్పుతున్నాం. వస్తూ పోతూ ఉండేవాణ్ణి మాత్రం మదనపల్లె, పుంగనూరు సబ్‌జైళ్లలో గోడకు ఆనుకుని కూర్చోబెడుతున్నాం. ఈ రోజు నా వాదన ఇంతే. అయితే దీన్ని నిలబెట్టాలంటే కొంత దూరం నడవాలి.

ముందు మన జైళ్ల అమరిక చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పేరున్న వర్క్‌షాపులన్నీ సెంట్రల్ జైళ్లలోనే ఉన్నాయి: రాజమండ్రి, విశాఖ, నెల్లూరు, మనకు దగ్గరలో కడప. మగ్గాలు, వడ్రంగం, ఉక్కు బీరువాలు, బేకరీలు అక్కడే. కడప జైలు వాళ్లు నడిపే పెట్రోలు బంకు ఈ దారిన పోయేవాళ్లకు తెలిసిందే. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ కాలనీ ఉంది, అంటే ఆరుబయలు జైలు. నమ్మకం కుదిరిన ఖైదీలు గోడలు లేని పొలంలో సేద్యం చేస్తారు. ఇవన్నీ మంచి ప్రయత్నాలే, ఎవరూ కాదనరు. కానీ వీటిలోకి వెళ్లేది శిక్ష పడ్డవాడు, అందులోనూ ఏళ్ల తరబడి శిక్ష పడ్డవాడు. మదనపల్లెలో సెల్‌ఫోన్ దొంగతనం కింద పట్టుబడ్డ పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆ గడప తొక్కడు. కుప్పం కోర్టు రిమాండుకు పంపిన మనిషికీ, కడప వర్క్‌షాపుకూ మధ్య రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. ఆ దూరం రోడ్డు మీద ఎంతో చట్టంలోనూ అంతే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా తీర్పే రాలేదు. మొత్తం 1,330 జైళ్లలో 574 సబ్‌జైళ్లే. సెంట్రల్ జైళ్లు 148. సంఖ్యలో ఎక్కువున్న జైలు, సంఖ్యలో ఎక్కువున్న ఖైదీ, ఈ రెండింటికీ మన చేతిపనుల పథకంలో చోటు లేదు.

సెంట్రల్ జైలు వర్క్‌షాపులో పనిచేసే మనిషి ఎవరు? మన దేశంలో శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్లలో అన్నిటికంటే పెద్ద గుంపు హత్య కేసుల వాళ్లు. పొలం గట్టు తగాదాలు, కుటుంబ కక్షలు, ముఠాల పగలు, తాగిన కోపాలు వాళ్లను అక్కడికి చేర్చాయి. ఏళ్ల తరబడి గడిపి, నలభై దాటాక బయటికొస్తారు. నేరాల్ని లెక్కగట్టే శాస్త్రంలో ఒప్పుకోలు కుదిరిన విషయాలు తక్కువ. వాటిలో ఒకటి ఇది: వయసు పైబడే కొద్దీ నేరం తగ్గుతుంది. రెండోది: దీర్ఘశిక్ష అనుభవించి బయటికొచ్చిన హంతకుడు మళ్లీ హత్య చేయడం అరుదు. అతనికి మగ్గం నేర్పినా నేర్పకపోయినా ఫలితం ఇంచుమించు ఒకటే. కాబట్టి ఆరుబయలు జైలు నుంచి వెళ్లినవాళ్లలో ఎవరూ తిరిగి రాలేదని ఎవరైనా గర్వంగా చెప్పినప్పుడు, అది నిజమే అయినా, ఆ ఘనతలో ఎంత పాలు పొలానిది, ఎంత పాలు అక్కడికి ఎవరిని ఏరి పంపారన్నదానిదీ అని అడగాలి. సత్ప్రవర్తన చూసే కదా పంపారు! మరోవైపు మోటారు సైకిళ్లు, సెల్‌ఫోన్లు, బోరు కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రాగితీగ దొంగిలించేవాడు, నాటుసారా మోసేవాడు, ఎర్రచందనం దుంగలు దాటించే ముఠాకు రోజుకూలికి వెళ్లేవాడు ఉన్నారు. నెలకో రెండు నెలలకో బెయిలు మీద బయటికొచ్చి, మళ్లీ లోపలికొచ్చేవాళ్లు వీళ్లే. మళ్లీ నేరం అన్న మాటకు నిజమైన చిరునామా వీళ్ల దగ్గరుంది. చేతిపని ఏదైనా మార్చగలిగితే ఇక్కడ మార్చాలి.

మార్చగలదా? దీని మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనను ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. అమెరికాలో ర్యాండ్ సంస్థ 2013లో పాత అధ్యయనాలన్నిటినీ కూర్చి ఒక నివేదిక ఇచ్చింది. జైల్లో చదువో పనో నేర్చుకున్నవాళ్లు తిరిగి జైలుకొచ్చే అవకాశం, నేర్చుకోనివాళ్లతో పోలిస్తే గణనీయంగా తక్కువని తేల్చింది. మామూలు లెక్కలో నూటికి 13 మంది మేర తేడా. చేతిపని నేర్చుకున్నవాళ్లకు బయట ఉద్యోగం దొరికే అవకాశం 28 శాతం ఎక్కువని కూడా రాసింది. ఈ అంకెలను మన ఉపన్యాసకులు చాలామంది వాడుతుంటారు. వాడేవాళ్లు వాటి పక్కనున్న హెచ్చరికను వదిలేస్తారు. కూర్చిన అధ్యయనాల్లో గట్టి పద్ధతితో చేసినవి కొన్నే. మిగతావాటిలో పోలిక సరైంది కాదు. తరగతికి తనంతట తాను పేరిచ్చినవాడు ముందే మారాలనుకుంటున్నవాడు. అతను మారితే ఆ గొప్ప తరగతిదా, అతని సంకల్పానిదా? ఈ ఆక్షేపణ బలమైనది. దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోవడం నిజాయితీ కాదు.

నేను చదివినంతలో ఈ చిక్కును బాగా విప్పినవాళ్లు నార్వే ఆర్థికవేత్తలు. వాళ్ల వ్యాసం 2020లో వచ్చింది. అక్కడ కేసులు జడ్జీలకు వంతుల ప్రకారం వెళ్తాయి. కొందరు జడ్జీలు జైలుకు పంపే అలవాటున్నవాళ్లు, కొందరు కారు. ఒకేలాంటి కేసున్న ఇద్దరిలో ఒకడు జైలుకు వెళ్లడం, ఇంకొకడు వెళ్లకపోవడం జడ్జీ ఎవరన్న అదృష్టం మీద ఆధారపడింది. ఈ అదృష్టాన్నే వాళ్లు కొలబద్దగా వాడుకున్నారు. కాబట్టి ఇక్కడ ఖైదీ సంకల్పం లెక్కను పాడు చేయలేదు. జైలుకు వెళ్లిన వాళ్లలో ఐదేళ్ల లోపల మళ్లీ నేరం నూటికి 29 మంది మేర తగ్గింది. జైలు వల్ల నేరం తగ్గిందన్నది వినడానికి వింతే. కారణం వెతికితే దొరికింది. తగ్గుదల అంతా అంతకుముందు పని లేనివాళ్లలోనే ఉంది. వాళ్లు జైల్లో ఉద్యోగ శిక్షణల్లో చేరారు, బయటికొచ్చాక పనుల్లో నిలిచారు. ముందే ఉద్యోగం ఉన్నవాళ్లలో నేరమేమీ తగ్గలేదు, పైగా జైలు వాళ్ల ఉద్యోగాన్ని పోగొట్టింది.

నార్వే వేరు, మనం వేరు, అక్కడి జైలు గది మన హాస్టలు గది కంటే బాగుంటుందని మీరు అనవచ్చు. నిజమే, అందుకే అక్కడి అంకెను ఇక్కడికి తెచ్చి అతికించను. అంకె సరిహద్దు దాటకపోయినా, దాని వెనకున్న తర్కం దాటుతుంది. పని లేనివాడికి జైలు పని నేర్పితే లాభం, పని ఉన్నవాణ్ణి జైలు ఆ పని నుంచి విడదీస్తే నష్టం. ఈ రెండో సగాన్ని మన శిక్షణ పథకాలేవీ పట్టించుకోవు. మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే మనిషిని ఊహించండి. వీధి కొట్లాటలోనో అప్పు గొడవలోనో ఇరుక్కుని నలభై రోజులు రిమాండులో ఉంటాడు. మగ్గం మీద పడుగు సగంలో నిలిచిపోతుంది. పట్టు ఇచ్చిన షావుకారు అంతకాలం ఆగడు, ఇంకొకరికి ఇస్తాడు. బయటికొచ్చేసరికి ఇంటి అద్దె బాకీ, వకీలు ఫీజు బాకీ, చేతిలో పని లేదు. ఇతనికి మనం జైల్లో నేర్పాల్సింది ఏమీ లేదు. ఇతనికి పని ముందే వచ్చు, ఆ పనిని మనమే పోగొట్టాం. కృష్ణయ్యర్ 1978లో మోతీరాం కేసులో సరిగ్గా దీన్నే చూశారు. మోతీరాం మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. బెయిలుకు పదివేల రూపాయల పూచీ కావాలన్నారు. అన్న పూచీ ఇస్తానని వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు కాదంది. సుప్రీంకోర్టు ఆ పట్టింపును తప్పుబట్టి, అంత పూచీ అక్కర్లేదంది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ఈ తీర్పు బరువు మిగతా ఊళ్ల కంటే ఎక్కువ తెలుస్తుంది. ఇక్కడివాడి బావ కోలారులో ఉంటాడు, మేనమామ కృష్ణగిరిలో ఉంటాడు. పూచీకత్తుకు ఈ జిల్లా ఆస్తిపరుడే రావాలంటే పేదవాడు లోపలే ఉంటాడు. శిక్షణ గురించి మాట్లాడే ముందు, ఉన్న పని ఊడకుండా చూడటం ఆ పథకంలో మొదటి అంశం కావాలి.

ఇక రెండో ఆక్షేపణ. ఇది చరిత్ర నుంచి వస్తుంది కాబట్టి కొంచెం ఆగి చూడాలి. నేరస్తుడికి పని నేర్పి మార్చే ప్రయోగం తెలుగు నేల మీద కొత్తది కాదు. కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసిన నేరజాతుల చట్టం, చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే మద్రాసు రాజధానికి వచ్చింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురానికి తరలించి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పొలం పని, చేతిపనులు నేర్పారు. తర్వాత చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పంపారు. పని దొరికింది, నిజమే. పని నేరాన్ని పోగొడుతుందన్న సూత్రం అక్కరకొచ్చి ఉంటే స్టూవర్టుపురం అన్న పేరు రెండో తరానికి మామూలు ఊరి పేరు కావాలి. అలా కాలేదు. దశాబ్దాల పాటు ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఆ ఊరి వైపు చూశారు. సినిమాలు దాన్నే వాడుకున్నాయి. సెటిల్‌మెంట్లను చదివిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ చూపించింది కూడా ఇదే. సంస్కరణ పేరుతో చౌక కూలీలను కట్టిపడేసి, ఆ కూలీల మీద నేరస్తులన్న ముద్రను అలాగే ఉంచారు. 1952లో చట్టం రద్దయింది, ముద్ర మాత్రం అలవాటు నేరస్తుల చట్టాల పేరుతో బతికింది. 2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ల నుంచి కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టేసేదాకా, ఏ కులంవాడు వండాలి, ఏ కులంవాడు ఊడవాలి అన్నది కొన్ని రాష్ట్రాల జైళ్లలో రాతపూర్వకంగానే ఉంది. జైలు పని అనగానే అనుమానంగా చూసేవాళ్ల అనుమానానికి ఇంత వెనకటి చరిత్ర ఉంది.

అయితే స్టూవర్టుపురం చెప్పేది పని వల్ల లాభం లేదని కాదు. ముద్రను అలాగే ఉంచి పని నేర్పితే ఆ పని పంజరంలోనే మిగులుతుందని చెబుతోంది. అమెరికాలో దేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీ నగరంలో చేసి 2003లో ప్రచురించిన పరీక్ష ఈ మాటకు అంకెలిచ్చింది. చదువు, అనుభవం ఒకేలా ఉన్న యువకులను ఉద్యోగాలకు పంపింది. తేడా ఒక్కటే, కొందరు జైలుకెళ్లొచ్చామని చెప్పారు. శ్వేతజాతి యువకుల్లో అలా చెప్పనివాళ్లకు వందకు 34 చోట్ల పిలుపొస్తే, చెప్పినవాళ్లకు 17 చోట్ల వచ్చింది. నల్లజాతి యువకులకైతే జైలు మాటే లేనప్పుడు 14, ఉన్నప్పుడు 5. నైపుణ్యం ఎక్కడా తగ్గలేదు, తలుపు మాత్రం మూసుకుంది. మన దగ్గర ఈ తలుపు మూసే చేయి రెండు రకాలు. ఒకటి జైలు పేరున్న సర్టిఫికెట్టు. ఫలానా జైల్లో టైలరింగు నేర్చుకున్నాడని రాసిన కాగితాన్ని ఏ దర్జీ షాపుకు చూపిస్తాడు? పరీక్ష జైల్లోనే పెట్టినా, పత్రం ఐటీఐ పేరుతో, అందరికీ ఇచ్చే నమూనాలోనే రావాలి. రెండోది పోలీసు స్టేషనులో అనుమానితుడి పేరు మీద తెరిచే సస్పెక్టు షీటు. పని దొరికిన నెలలోపే కానిస్టేబులు షాపు ముందు బండి ఆపి పేరు పెట్టి పిలిస్తే, యజమాని ఎంత మంచివాడైనా మరుసటి వారానికి లెక్క చూసి పంపేస్తాడు. నిఘా పెట్టవద్దని నేను అనడం లేదు. వాణ్ణి స్టేషనుకు పిలిపించుకోవచ్చు, ఇంటికి వెళ్లి చూడవచ్చు, పనిచేసే చోటుకు మాత్రం వెళ్లకూడదు. దీనికి జిల్లా ఎస్పీ ఒక మెమో ఇస్తే చాలు.

ఏ పని నేర్పాలన్నది తర్వాతి ప్రశ్న. జైలు వర్క్‌షాపులో ఏ యంత్రముంటే ఆ పని నేర్పడం మన అలవాటు. జైళ్లకు కావలసిన దుప్పట్లు, ఆఫీసులకు కావలసిన ఫైలు అట్టలు, బల్లలు తయారవుతాయి. అవి జైలు అవసరాలు, ఖైదీ వెళ్లబోయే ఊరివి కావు. ఈ మూడు ఊళ్లనే తీసుకోండి. మదనపల్లె బతుకు టమాటా మండీ మీద, పట్టు మగ్గం మీద, పట్టుగూళ్ల మీద నడుస్తుంది. పుంగనూరు వైపు పాడి, కూరగాయలు. కుప్పం గ్రానైటు, పట్టుపురుగుల పెంపకం, తెల్లవారే రైలెక్కి బెంగళూరు వెళ్లే కూలి. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది నీళ్ల కరువు, వందల అడుగుల లోతు బోర్లు, వాటిలో మాటిమాటికీ కాలిపోయే మోటార్లు, డ్రిప్పు పైపులు. సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగు, స్టార్టరు రిపేరు, డ్రిప్పు బిగింపు, పాలు పితికే యంత్రాల మరమ్మతు, గ్రానైటు పాలిషు, బెంగళూరు కట్టడాల్లో పనికొచ్చే ఎలక్ట్రికల్, ప్లంబింగు పనులు ఈ సీమలో ఎప్పుడూ దొరికే పనులు. దుప్పటి నేయడం వచ్చినవాడికి పుంగనూరులో ఎవరు పనిస్తారు? మోటారు చుట్టడం వచ్చినవాణ్ణి వేసవిలో రైతులు వెతుక్కుంటూ వస్తారు. ఇక్కడ ఒక రైతు లేచి అడగవచ్చు: బోరు కేబులు దొంగిలించినవాడికి మళ్లీ రాగితీగ పనే నేర్పుతారా, దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాదా అని. నవ్వు పుట్టించే ప్రశ్నే, కానీ కొట్టిపారేయదగ్గది కాదు. రాగి విలువ తెలిసే అతను దొంగిలించాడు. వైండింగు షాపులో నెలంతా పనిచేసి సంపాదించేది ఒక రాత్రి కేబులుకు పాత ఇనుము కొట్టువాడిచ్చే దానికంటే ఎక్కువని తెలియడం కూడా ఆ శిక్షణలో భాగమే. అయినా రైతు అనుమానం తీరకపోతే అతనికి వేరే పని నేర్పవచ్చు. ఎంచుకోవడానికి పనులు తక్కువేమీ లేవు.

మూడో ఆక్షేపణ న్యాయవాదుల నుంచి వస్తుంది, ఇదే అన్నిటికంటే గట్టిది. విచారణ ఖైదీ ఇంకా నిర్దోషే. అతని చేత బలవంతంగా పని చేయించే హక్కు జైలుకు లేదు, శిక్షణ పేరుతోనైనా. పైగా సబ్‌జైల్లో అతను ఉండేది వారాలో, ఒకటి రెండు నెలలో. వాయిదాకు కోర్టుకు పోతాడు, బెయిలొస్తే ఉన్నట్టుండి పోతాడు. ఆరు నెలల కోర్సు ఎలా చెబుతారు? ఇందులో మొదటి భాగానికి జవాబు సులువు: బలవంతం లేదు, అడిగినవాడికే. నేరం ఒప్పుకున్నట్టు ఎక్కడా రాయకూడదు, శిక్షణలో చేరడాన్ని కోర్టు ముందు అతనికి వ్యతిరేకంగా వాడకూడదు. రెండో భాగమే అసలు చిక్కు, నా ప్రతిపాదన కూడా అక్కడే ఉంది. కోర్సును జైలుతో ముడిపెట్టడం మానేయాలి. ఊళ్లోని ఐటీఐ బోధకుడు వారానికి కొన్ని పూటలు సబ్‌జైలుకు వచ్చి మొదలుపెట్టాలి. మనిషి బయటికొచ్చిన మరుసటి రోజు నుంచి అదే కోర్సు, అదే బోధకుడి దగ్గర, ఐటీఐ షెడ్డులో కొనసాగాలి. రెండు వారాలు లోపల, ఇరవై వారాలు బయట జరిగినా ఇబ్బంది లేదు. చట్టం ఇందుకు ఇప్పుడు దారులు ఇస్తోంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మొదటిసారి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపకుండా ప్రొబేషన్ అధికారికి అప్పగించే అధికారం కోర్టుకు ఎప్పటి నుంచో ఉంది, మేజిస్ట్రేట్లు వాడేది తక్కువ. 2024 జులై 1 నుంచి అమలవుతున్న నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను, మొదటిసారి ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బెయిలివ్వాలంటోంది. మరణశిక్షో యావజ్జీవమో పడగల కేసులకు అది వర్తించదు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని పాత కేసులకూ వర్తింపజేసింది. న్యాయ సంహితలో ఐదు వేల రూపాయల లోపు తొలి దొంగతనానికి, సొత్తు తిరిగిచ్చేస్తే, సమాజ సేవే శిక్ష. సమాజ సేవ అంటే చీపురు పట్టించడమేనని ఎక్కడా రాయలేదు. ప్రభుత్వ బడిలో కాలిన మోటారు బాగు చేయించడం, వసతి గృహంలో కుళాయిలు బిగించడం కూడా సమాజ సేవే, అది చేస్తూ చేస్తూ నేర్చుకోవచ్చు కూడా.

మన కళ్లముందే దీనికి దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటుంది. పక్క తెలంగాణలో జైళ్ల శాఖ పెట్రోలు బంకులు పెట్టినప్పుడు లోపలివాళ్లతో పాటు విడుదలైనవాళ్లకూ అక్కడ ఉద్యోగాలిచ్చింది. ఆ బంకుల్లో పంపు పట్టడం గొప్ప నైపుణ్యమేమీ కాదు. గొప్ప ఏమిటంటే, జైలు దాటాక కూడా ఎవరో ఒకరు జీతమిచ్చారు. జైల్లో ఎంత నేర్పారన్న దాని కన్నా, గేటు దాటిన మొదటి మూడు నెలల్లో చేతికి డబ్బొచ్చిందా లేదా అన్నదే ఎక్కువ నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. ఆ మూడు నెలల్లోనే పాత జతగాడు వచ్చి పిలుస్తాడు.

నాలుగో ఆక్షేపణకు వద్దాం. మీలో చాలామంది మనసులో ఉన్నది ఇదే అయుండొచ్చు. డిగ్రీ చదివి, ఏ తప్పూ చేయకుండా, మూడేళ్లుగా ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాళ్లు ఈ ఊళ్లో వందల్లో ఉన్నారు. వాళ్లకు లేని ఉచిత శిక్షణ దొంగకెందుకు? ఈ కోపాన్ని చిన్నచూపు చూడను, అందులో న్యాయముంది. దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి, నేను అడుగుతున్నది దొంగలకు ప్రత్యేక విద్యాలయం కాదు, ఉన్న ఐటీఐలో, ఉన్న బోధకుడి దగ్గర కొన్ని సీట్లు. ఆ సీట్లు పెంచితే నేరం చేయనివాడికీ పెరుగుతాయి. రెండోది, దొంగతనం ఆగితే లాభపడేది ఎక్కువగా దొంగ కాదు. కాలిపోయిన మోటారు స్థానంలో అప్పు చేసి కొత్తది పెట్టుకుని, మరుసటి వారం దాని కేబులు పోగొట్టుకున్న రైతు. బాధితుడి పేరు చెప్పి శిక్షణను కాదనేవాళ్లు, రెండోసారి దోపిడీకి గురయ్యేది కూడా బాధితుడేనని మరిచిపోతున్నారు. జైలు కూలి విషయంలో 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు ఖైదీనీ బాధితుణ్ణీ ఒకే లెక్కలో చూసింది. ఖైదీకి న్యాయమైన కూలి ఇవ్వాలి, అందులో ఒక భాగం బాధితుల నిధికి పోవాలంది. శిక్షణ పూర్తి చేసి సంపాదన మొదలెట్టినవాడి దగ్గర పోయిన కేబులు ధరలో ఎంతో కొంత వాయిదాల్లో రాబట్టే ఏర్పాటు కోర్టు చేయవచ్చు. నాకు తెలిసి ఏ రైతూ దాన్ని వద్దనడు.

ఇంతా చెప్పాక, ఇది పనిచేస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఇవ్వకూడదు కూడా. మన దేశంలో విడుదలైనవాణ్ణి రెండు మూడేళ్లు వెంబడించి, మళ్లీ కేసయిందా లేదా అని లెక్క తీసే పద్ధతి నిలదొక్కుకోలేదు. ఆ ఏడాది జైలుకొచ్చినవాళ్లలో పాతవాళ్లెందరు అన్నది లెక్కిస్తాం. వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లెందరు అన్నది లెక్కించం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఇలాంటి లెక్క ఎలా తీయాలో మదనపల్లెకు ఎవరూ నేర్పనక్కరలేదు. క్షయ నివారణకు మన దేశంలో బీసీజీ టీకా 1948లో ఇక్కడే మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో ఆరోగ్యవరం శానిటోరియం వైద్యుడు ఫ్రిమోట్-మోలర్, ఆయన బృందం మదనపల్లె చుట్టూ ఉన్న పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, టీకా వేసుకున్నవాళ్లనూ వేసుకోనివాళ్లనూ ఏళ్ల తరబడి గమనించి, జబ్బు ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో రాసిపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మన ప్రశ్నకు కూడా అంత ఓపిక కావాలి.

పద్ధతి కష్టమైనది కాదు. సీట్లు ఎలాగూ తక్కువే ఉంటాయి, అడిగేవాళ్లు ఎక్కువుంటారు. అప్పుడు సత్ప్రవర్తన చూసి ఏరకుండా, సిఫారసు వినకుండా, అందరి ముందూ చీటీ తీయాలి. చీటీ తగిలినవాడు కోర్సులో చేరతాడు, తగలనివాడు చేరడు. ఇద్దరూ కావాలని అడిగినవాళ్లే కాబట్టి మారాలన్న సంకల్పం రెండు వైపులా సమానం. ర్యాండ్ నివేదిక మీద మనం పెట్టిన ఆక్షేపణ ఇక్కడ నిలవదు. కోర్టు రికార్డులు ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నాయి. రెండేళ్లకోసారి రెండు జాబితాలనూ వాటితో సరిపోల్చితే, ఏ జాబితాలో ఎంతమంది పేర్లు మళ్లీ కనబడ్డాయో తెలుస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టుల పరిధిలో నాలుగేళ్లు ఇలా నడిపితే చిన్నదైనా నమ్మదగిన జవాబు వస్తుంది. తేడా ఏమీ లేదని తేలినా సరే, అప్పుడు ఐటీఐ సీట్లు డిగ్రీ కుర్రాళ్లకే ఇచ్చేద్దాం. ఆ రిజిస్టరు జైలు శాఖ దగ్గర ఉండకూడదు, పోలీసుల దగ్గర అసలే ఉండకూడదు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ కాలేజీ ఉంది. రెండింటిలో ఎవరు ముందుకొచ్చినా మంచిదే. పేర్ల స్థానంలో నంబర్లు రాసి, అసలు పేర్ల చీటీ వేరే తాళంలో పెట్టాలన్న నియమం మాత్రం మొదటి రోజే రాసుకోవాలి.